అత్త పెళ్లినాడు లేవనన్న కారు

మా మేనత్త పెళ్లి రోజు పొద్దున మా కారు తలుపు తెరుచుకోలేదు.

అత్తకు అప్పటికి అరవై దాటాయి. ఆమెకు అదే మొదటి పెళ్లి. పదకొండు గంటలకల్లా బషీర్‌బాగ్ వైపున్న రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండాలి. అశోక్‌నగర్‌లో మా ఇంటి కింద, స్తంభాల మధ్య పెట్టిన కారు ముందు నిలబడి తాళంచెవి మీది బొత్తాన్ని నొక్కిందే నొక్కుతున్నాను. రోజూ నన్ను చూడగానే దీపాలు మినుక్కుమనిపించి, ముడుచుకున్న రెండు పక్కల అద్దాలు విప్పుకునే బండి ఆ రోజు ఉలకలేదు, పలకలేదు. మెట్ల మీద అత్త పట్టుచీర గరగర దగ్గరవుతోంది.

"ఏమైంది బిడ్డా?" అంది అత్త, ఆఖరి మెట్టు మీద ఆగి.

"ఏం లేదత్తా. తాళంచెవిల సెల్లు అయిపోయినట్టుంది."

అలా అన్నానే గానీ నాకే నమ్మకం లేదు. పైకి పరుగెత్తి రెండో తాళంచెవి తెచ్చాను. దానికీ అదే మౌనం.

అమ్మ పోయినప్పుడు నేను ఇంకా గౌను వేసుకునే పిల్లని. అప్పటికి అత్త చిక్కడపల్లిలో ఒక బడిలో లెక్కల టీచరు. నాన్నకు చెల్లెలు. అప్పటి నుంచి, నా పెళ్లయి మా ఆయన వచ్చేదాకా, ఆ ఇంట్లో మేం ముగ్గురమే. నాకు జడలు వేసిందీ, నా పరీక్షలకు నాతోపాటు మేలుకుందీ, నాన్న బీపీ మాత్రలు రోజువారీగా డబ్బాలో సర్దిందీ అత్తే. సంబంధాలు వచ్చినప్పుడు "ఇప్పుడే ఎందుకు" అనేది. కొన్నాళ్లకు సంబంధాలు రావడం మానేశాయి. మేమూ అడగడం మానేశాం.

రిటైరయ్యాక అత్త ఊరుకోలేదు. మా గల్లీలోని ఒక స్టడీ హాల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేది. ఆమె క్లాసు తర్వాత జాగ్రఫీ క్లాసు. ఆ సారు సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, భార్య పోయి చాలా ఏళ్లయింది, ఉండేది గాంధీనగర్‌లో. అత్త క్లాసు ఏ రోజూ సమయానికి ముగిసేది కాదు. ఆయన చుట్టిన మ్యాపును చంకలో పెట్టుకుని గుమ్మం బయట నిలబడేవాడు. తలుపు తట్టడు, దగ్గడు. ఒకరోజు అత్తకే మొహమాటమనిపించి, ఆయన క్లాసు అయ్యేదాకా ఆగి చాయ్ తాగించింది. ఆ తర్వాత రెండేళ్లు ఇద్దరూ మూలమీది బండి దగ్గర రోజూ చాయ్ తాగారు. పిల్లలందరికీ తెలుసు. తెలియనిది మాకే.

ఒక రాత్రి పప్పు వడ్డిస్తూ, "నేను పెండ్లి చేసుకుందామనుకుంటున్న" అంది అత్త.

నేను ఎంగిలి చేత్తోనే లేచి ఆమెను వాటేసుకున్నాను. నాన్న మాత్రం అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, తన గదిలోకి పోయాడు. మర్నాడు ఆమెతో కాదు, నాతో అన్నాడు, "ఈ వయసుల ఏం పెండ్లి?" అని. అప్పటి నుంచి అత్తతో అవసరం మేరకే మాట. రిజిస్ట్రార్ ఆఫీసుకు రానని కూడా నా చేతే చెప్పించాడు. మోకాళ్ల నొప్పులట.

అందుకే ఆ రోజు నేనే అన్నీ అయి ఉన్నాను. మా ఆయన సాక్షులను వెంటబెట్టుకుని ముందే వెళ్లిపోయాడు. అత్తను బండిలో కూర్చోబెట్టి తీసుకుపోవడం నా వంతు. ఆ బండేమో ఇలా.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. అది సగం పెట్రోలుది, సగం కరెంటుది. రాత్రి గోడకున్న ప్లగ్గులో పెడితే పొద్దునకు నిండుతుంది. ఊళ్లో తిరిగినంతవరకు కరెంటు మీదే నడుస్తుంది, దూరం పోతే పెట్రోలు అందుకుంటుంది. మా బ్యాంకులో బదిలీ అయి పోతున్న ఒకావిడ దగ్గర పాతది కొన్నాను. అత్త దగ్గర చదువుకునే, గల్లీ హాస్టళ్లలోని పిల్లలు దాన్ని ఫోను కారు అనేవాళ్లు, ఫోనులాగే చార్జింగ్ పెడతానని. ముందు రోజు మధ్యాహ్నమే నిండుగా చార్జింగ్ చేసి, ప్లగ్గు తీసి, కడిగి తుడిచి పెట్టాను. ఫోనులో కారు యాప్ చూస్తే నిన్నటి లెక్క ఇంకా అలాగే ఉంది, బ్యాటరీ ఫుల్ అని.

ఫుల్‌గా ఉన్న బండి ఎందుకు లేవదు? నా బుర్రలో అప్పుడు వెలిగింది. ఆ కారులో బ్యాటరీలు రెండు. చక్రాలను తిప్పే పెద్దది అడుగున ఉంటుంది. మామూలు కార్లలో ఉండేలాంటి చిన్నది ఇంకొకటి ఉంటుంది. తలుపులు తెరవడం, దీపాలు, లోపలి కంప్యూటర్లను నిద్రలేపడం ఆ చిన్నదాని పని. చిన్నది చచ్చిపోతే పెద్దది ఎంత నిండుగా ఉన్నా లాభం లేదు, దాన్ని లేపేవాళ్లు ఉండరు.

"మరి ఆటోల పోదాం, ఏమైతది?" అంది అత్త.

"నీ కాగితాలేడ ఉన్నయి అత్తా?"

అత్త మొహంలో రంగు మారింది. ఆధార్ కార్డులు, ఫోటోలు, నోటీసు రసీదు, అసలు సర్టిఫికెట్లు, అన్నీ ఒక సంచిలో సర్ది, మర్చిపోతామేమోనని రాత్రే డిక్కీలో పెట్టించింది. పక్కనే ఆమె సూట్‌కేసు. ఆ డిక్కీకి తాళం రంధ్రం లేదు, బొత్తాం నొక్కితే కరెంటుతో తెరుచుకునేది. వెనక సీటు మడిచి లోపలికి దూరే వీలూ లేదు.

కారు కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేశాను. అటువైపు అమ్మాయి నెమ్మదిగా విని, మెకానిక్ ఊరి ఆ చివర ఉన్నాడని, భోజనాల వేళ దాటాక వస్తాడని చెప్పింది. నేను థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. ఎందుకో తెలియదు, లోపల హుషారు పుట్టింది. చిన్నప్పుడు అత్త నల్లబల్ల మీద చిక్కు లెక్క వేసి, ఎవరు చేస్తారని తిరిగి చూసినప్పుడు కలిగే హుషారు లాంటిది.

తాళంచెవి డబ్బా లోపల ఒక చిన్న ఇనప తాళంచెవి దాగి ఉంటుందని గుర్తొచ్చింది. లాగాను, వచ్చింది. కానీ తలుపు పిడి మీద రంధ్రమేదీ? ఫోనులో కారు పుస్తకం తెరిచి చూస్తే, పిడి చివర చిన్న మూత కింద ఉందట. గోళ్లతో పీకితే గోరు విరిగింది గానీ మూత రాలేదు.

"జరుగు" అంది అత్త. కొప్పులోంచి పిన్ను ఒకటి లాగి, మూత అంచున దూర్చి ఒక్క తిప్పు తిప్పింది. మూత ఎగిరి స్కూటర్ కింద పడింది. తాళం తిప్పాను. తలుపు మామూలు పాత కారు తలుపులా టక్కున తెరుచుకుంది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం.

లోపల కూర్చుని చూస్తే, వెనక సీటు పైన ఉండే చదువుకునే దీపం మీట వేసే ఉంది. గాలి ఫ్యాను మీటా అంతే. నేను ఎప్పుడూ అవి ముట్టుకోను.

"అత్తా, రాత్రి సంచి పెట్టనీకి తాళంచెవి తీసుకపోయినవు. ఎంతసేపున్నవు ఈడ?"

అత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "ఫోన్ మాట్లాడిన. ఇంట్లయితే మీ నాయిన గది పక్కనే గదా. ఉక్కపోస్తే ఫ్యాన్ పెట్టుకున్న."

"ఎంతసేపు?"

"నా ఫోన్ల చార్జింగ్ అయిపోయేదాక."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఫోనుతోపాటు కారుదీ అయిపోయిందన్నమాట. తర్వాత తెలిసింది, ఆ చిన్న బ్యాటరీ అప్పటికే ముసలిదై కొన ఊపిరితో ఉందని. ఆ రాత్రి ముచ్చట్లు దాన్ని ముగించాయి.

"అంతసేపు ఏం మాట్లాడుకున్నరు?"

"ఆ ఇంటి వంటింట్ల నా కుక్కర్ ఏడ పెట్టాల్నో అని" అంది అత్త. కాసేపాగి, గొంతు తగ్గించి, "భయమైంది బిడ్డా. ఇన్నేండ్ల సంది ఇదే ఇల్లు. రేపు పొద్దుగాల ఇంకో ఇంట్ల లేస్త గదా, ఎట్లుంటదో అనిపిచ్చింది. ఆయన్ని అడిగిన, మీకు భయం కాలేదా అని. అవుతున్నది, పెట్టకు ఫోన్ అన్నడు" అంది.

నేను కిందికి వంగి బానెట్ మీట లాగాను. అది కరెంటుతో పనిలేని మీట కాబట్టి బానెట్ లేచింది.

పుస్తకం ప్రకారం చచ్చిన బ్యాటరీ డిక్కీలోనే ఉంది. అయినా ముందు వైపు, బానెట్ కింద, ఎర్ర మూత వేసిన ఒక కొన ఉంటుంది. వేరే బండి బ్యాటరీ నుంచి తీగలు తెచ్చి, ఎర్రది ఆ కొనకూ నల్లది పక్కనున్న ఒట్టి ఇనప బోల్టుకూ తగిలిస్తే, లోపలి బ్యాటరీకి అందుతుంది. ఒకసారి కారు లేచిందంటే తర్వాత దాని పెద్ద బ్యాటరీయే చిన్నదాన్ని నింపుకుంటుంది. పెట్రోలు ఇంజన్ని గిరగిర తిప్పాల్సిన పని లేదు కాబట్టి, లేపడానికి పెద్ద బండే అక్కర్లేదు. చిన్న బండి చాలు.

తీగలు ఎక్కడివి? పక్కింటి అక్క అప్పటికే ప్రహరీ మీదుగా తొంగి చూస్తోంది. వాళ్ల పాత కారు వానాకాలమంతా మొండికేస్తుందని గల్లీ మొత్తానికీ తెలుసు.

"అక్కా, మీ దగ్గర కారుకు పెట్టే ఎర్ర తీగ, నల్ల తీగ ఉంటయి గదా?"

"ఉన్నయి. కారే లేదు, ఆయన కరీంనగర్ తీస్కపోయిండు. తీగలు మరిచిపోయిండు, వంటింటి తలుపు ఎనక మొలకు ఏలాడుతున్నయి" అంటూ ఆమె లోపలికి పోయి, పాముల జతలాంటి ఆ తీగల చుట్టను గోడ మీదుగా అందించింది.

సరిగ్గా అప్పుడే అత్త దగ్గర చదువుకున్న హాస్టలు అమ్మాయిలు నలుగురైదుగురు మల్లెపూలు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు, మేడంను సాగనంపడానికి. సంగతి తెలిసి ఒకమ్మాయి రోడ్డు మీదికి పోయి ఆటో ఆపుకొచ్చింది. మిగతావాళ్లు స్కూటర్లను పక్కకు జరిపి, ఆటో లోపలికి వచ్చేంత దారి చేశారు.

ఆటో ఆయన కళ్లద్దాలు పెట్టుకున్న నడివయసు మనిషి. బషీర్‌బాగ్ కిరాయి అనుకుని వచ్చాడు. బానెట్ ఎత్తిన కారునూ నా చేతిలో తీగలనూ చూసి వెనక్కి తగ్గాడు.

"లేదక్కా. ఇంత పెద్ద బండి నా బ్యాటరీని గుంజుకుంటే నేనేం చెయ్యాలె? నా బండి ఈన్నే పండుకుంటది."

"గుంజుకోదన్నా. దీనికి జరంత చాలు. పుస్తకంల చూడు, బొమ్మ కూడా ఉన్నది" అని ఫోను చూపించాను.

ఆయన చదివాడు, తల గోక్కున్నాడు, పట్టుచీరలో నిలబడ్డ అత్తను చూశాడు. "పెండ్లి ఎవలది?"

"నాదే" అంది అత్త.

ఆయన ఒక్క క్షణం అత్త మొహంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా, తన సీటు ఎత్తాడు. కింద బ్యాటరీ కనిపించింది.

నేను ఫోను అత్త చేతికిచ్చాను. ఆమె క్లాసులో లెక్క చదివినట్టు గట్టిగా చదువుతోంది, నేను చేస్తున్నాను. ముందు ఎర్రది కారుకు. ఎర్రది ఆటోకు. నల్లది ఆటోకు. ఆఖరున నల్లది కారు బోల్టుకు. ఆ చివరిది తగిలించగానే చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. ఆ వెంటనే కారు గొంతెత్తి అరవడం మొదలుపెట్టింది.

దొంగల అలారం. ఇనప తాళంచెవితో తలుపు తీశాం కదా, నిద్రలేచిన కారు మమ్మల్నే దొంగలనుకుంది. హారన్, నాలుగు మూలలా ఎర్ర దీపాలు. అమ్మాయిలు చెవులు మూసుకున్నారు. ఎదురింటి బాల్కనీలో జనం. తాళంచెవి నొక్కితే అలారం ఆగింది, నల్ల తీగ పట్టు జారింది, కారు మళ్లీ చచ్చింది. మళ్లీ తగిలించాను, మళ్లీ అరిచింది. అలా రెండు మూడుసార్లు.

"ఏంది ఈ లొల్లి? గల్లంత లేస్తున్నది."

మెట్ల మీద నాన్న. బనీను, లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతిలో పేపరు. అమ్మాయిలు పక్కకు జరిగారు. అత్త ఫోనులోంచి తల ఎత్తలేదు.

అప్పుడు తీగ కాసేపు నిలిచింది. ఆ సందులో నేను డిక్కీ బొత్తాం నొక్కాను. డిక్కీ మెల్లగా, ఏమీ ఎరగనట్టు, పైకి లేచింది. ఒకమ్మాయి పరుగెత్తి కాగితాల సంచి బయటికి లాగింది. తీగ మళ్లీ జారింది గానీ, ఇక నాకు పట్టలేదు.

"అయిపోయిందత్తా, సంచి వచ్చింది. ఇగ ఆటోల పోదాం పా" అన్నాను డిక్కీ మూసి.

ఆటో ఆయన ముఖం విప్పారింది. తీగలు తీయబోయాడు.

"ఆటోల పోతదా?" అన్నాడు నాన్న.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇంట్ల కారు పెట్టుకొని పెండ్లికి ఆటోల పోతదా నా చెల్లె?" అని నా వైపు తిరిగాడు. "ఎందుకు స్టార్ట్ అయితలేదు అది?"

నేను నల్ల తీగ చూపించాను. ఆ బోల్టు చిన్నది, పక్కింటివాళ్ల క్లిప్పు వదులుది. పట్టు నిలవడం లేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి.

నాన్న పేపరును ప్రహరీ మీద పెట్టాడు. తువ్వాలు క్లిప్పుకు చుట్టి, కారు మీదికి వంగి, రెండు చేతులా బోల్టుకు అదిమి పట్టాడు. "ఊఁ. చూడు ఇప్పుడు" అన్నాడు.

అలారం ఒకసారి అరిచింది, ఆపేశాను. ఆ తర్వాత దీపాలు నిలకడగా వెలిగాయి. ఆటో ఇంజను నడిపించి కొద్ది నిమిషాలు ఆగమని ఉంది పుస్తకంలో. ఆటో డుగడుగలాడుతోంది. నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. లేచిన బానెట్ పక్క సందులోంచి అన్నాచెల్లెళ్లిద్దరూ నాకు కనిపిస్తున్నారు. ఆయన వంగి ఉన్నాడు, ఆమె ఎదురుగా నిలబడి ఉంది. ఇద్దరూ అంత దగ్గరగా నిలబడి చాలా రోజులైంది.

"అన్నా, మోకాలు నొస్తది. కుర్చీ తెప్పియ్యనా?"

"నొవ్వదు."

"బీపీ గోళి ఏసుకున్నవా?"

"ఏసుకున్న." ఆయన కొంచెంసేపు ఆ బోల్టునే చూశాడు. "నెలకు సరిపడ డబ్బాల పెట్టి పోతున్నవు గదా. నెలయినంక ఎవలు పెడతరు?"

"నేనే వచ్చి పెడత. గాంధీనగర్ ఎంత దూరమే అన్నా? నడిస్తే వస్తది. క్లాసు కోసం రోజు ఈడికే రావాలె గదా నేను."

"రోజు వస్తవా?"

"ఇగ రానా మరి?"

నాన్న తల ఇంకా కిందికి వంచుకుని క్లిప్పును ఇంకా గట్టిగా అదిమాడు. ఆయన కోపమంతా పెళ్లి మీదనే అనుకుంటూ వచ్చాను నేను అన్నాళ్లూ. నాకు కళ్లు మసకబారాయి. చేత్తో తుడుచుకుని, బ్రేకు తొక్కి, బొత్తాం నొక్కాను.

అద్దం కింద తెర వెలిగింది. పసుపుపచ్చ హెచ్చరికలు గుంపుగా వచ్చాయి, ఒక్కొక్కటే పోయాయి. ఆ తర్వాత ఒక మూల చిన్న ఆకుపచ్చ అక్షరాల్లో 'రెడీ' అని వచ్చింది.

"అయింది" అన్నాను.

"ఏడ అయింది? సప్పుడే లేదు" అన్నాడు ఆటో ఆయన.

నిజమే. ఆ కారు లేచినా చప్పుడు చెయ్యదు. ఎవరూ నమ్మలేదు. తీగలు తీయించి, బానెట్ వేయించి, గేరు మార్చి, బండిని ఒక్క మూరెడు ముందుకు కదిలించాను. అంతే, అమ్మాయిలు కేకలు పెట్టారు. పక్కింటి అక్క గోడ అవతల చప్పట్లు కొట్టింది. ఆటో ఆయన ముందు తన బండిని చూసుకున్నాడు, నిక్షేపంగా నడుస్తోంది. అప్పుడు ఆయనా నవ్వాడు. మేమిచ్చింది జేబులో పెట్టుకుంటూ, "మంచిగుండమ్మా" అని అత్తకు దండం పెట్టి పోయాడు.

అత్త వెనక సీట్లో కూర్చుంది. ఒకమ్మాయి కిటికీలోంచి మల్లెపూలు ఆమె కొప్పులో తురిమింది. నేను గేటు దాటించబోతుంటే నాన్న బానెట్ మీద చెయ్యి వేశాడు.

"ఒక్క నిమిషం ఆగుండ్రి."

మోకాళ్ల నొప్పుల మనిషి మెట్లు ఎంత వేగంగా ఎక్కాడో నేను చూశాను. దిగేటప్పుడు తెల్ల చొక్కా, ప్యాంటు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, "పా" అన్నాడు. వెనక నుంచి అత్త చెయ్యి చాచి ఆయన కాలరు సర్దింది. నాన్న వద్దనలేదు.

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద ఎప్పటిలాగే జనం. నేను భయంతో ఏసీ వెయ్యలేదు, పాటలు పెట్టలేదు, చిన్న బ్యాటరీకి ఎంత అందితే అంత మంచిదని. అద్దాలన్నీ దించాం. గాలికి అత్త కొప్పు చెదిరిపోతోంది, పిన్ను ఒకటి తక్కువ కదా. నారాయణగూడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న నావైపు వంగి, "ఇది నడుస్తున్నదా, మళ్ల ఆగిపోయిందా?" అని అడిగాడు. నడుస్తున్నదన్నాను. "నడుస్తుంటే జర చెప్పాలె గదా మనిషికి" అన్నాడు. వెనక అత్త పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను క్లాసు గది బయటి నుంచి విన్నాను గానీ, ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

ఆఫీసు గేటు దగ్గర జాగ్రఫీ సారు అటూ ఇటూ నడుస్తున్నాడు. తెల్లటి లాల్చీ, చేతిలో రెండు దండలున్న బుట్ట. కారులోంచి ముందు నాన్న దిగడం చూసి ఆయన నిలబడ్డచోటే ఆగిపోయాడు.

"లేటయిందా?" అన్నాడు నాన్న.

"లేదు లేదు. ఇంక పిలవలే."

"కారు సతాయించింది" అన్నాడు నాన్న, అంతా ఆ కారు వల్లే జరిగినట్టు. సారు చెయ్యి చాచాడు. నాన్న ఆ చెయ్యి పట్టుకుని, వెంటనే వదలలేదు.

నేనింకా స్టీరింగ్ ముందే ఉన్నాను. కనీసం అరగంటైనా నడపనిదే ఆపొద్దని పుస్తకంలో ఉంది. మేం వచ్చింది అంతకంటే చాలా తక్కువ. ఆపితే మళ్లీ లేవకపోవచ్చు. మీరు వెళ్లండి, నేను బండిలోనే ఉంటానని కేకేశాను.

అత్త వెనక్కి వచ్చింది. కిటికీలో చెయ్యి పెట్టి నిలబడింది. "నువ్వు లేకుంటే నేను సంతకం పెట్ట."

నేను బొత్తాం నొక్కి బండి ఆపేశాను. తెర ఆరిపోయింది. కాగితాల సంచి తీసుకుని అత్త వెంట లోపలికి నడిచాను.

పెళ్లి నిమిషాల్లో అయిపోయింది. అత్త పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా, శ్రద్ధగా సంతకం చేసింది. సారు మాత్రం కలం మూత తీయకుండానే సంతకానికి వంగాడు. దండలు వేసేటప్పుడు ఆయన కళ్లద్దాలు దండకు చిక్కుకుని కింద పడబోతే నాన్న పట్టుకున్నాడు, తుడిచి, ఆయనకే పెట్టాడు. మా ఆయన ఫోటోలు తీస్తూ ఆ ఫోటో మాత్రం తీయడం మరిచిపోయాడు. ఇప్పటికీ ఆ మాట మీద మా ఇద్దరికీ పోట్లాట.

బయటికొచ్చి చూస్తే కారు మళ్లీ ఉలకదు, పలకదు. నేను బాధపడలేదు. ఎవరూ బాధపడలేదు. సూట్‌కేసు మాత్రం డిక్కీలోనే ఉండిపోయింది.

"ఆటోల పోతం మేము" అంది అత్త, మెడలో దండతోనే. ఈసారి నాన్న తనే రోడ్డు మీదికి పోయి ఆటో ఆపాడు. ఇద్దరూ కూర్చున్నాక లోపలికి తొంగి చూసి, "సూట్‌కేస్ నేను తెస్త తియ్యి" అన్నాడు.

మిగతావాళ్లను తీసుకుని మా ఆయన టిఫిన్లకు పోయాడు. నన్ను వదిలి పోనని నాన్న నాతోనే ఉన్నాడు. దగ్గరలోని బ్యాటరీల షాపుకు ఫోన్ చేశాం. మనిషి కొత్త బ్యాటరీ తెచ్చేదాకా, ఇనప తాళంచెవితో తలుపులు తీసి పెట్టుకుని, చెట్టు నీడలో కూర్చుని, సారు పంచిన లడ్డూలు తిన్నాం. నాన్న తన లడ్డూను సగంలో ఆపి దానివైపు చూశాడు.

"ఆయనకు షుగర్ ఉందా?" అన్నాడు హఠాత్తుగా.

"ఎవరికి?"

"బావకు."

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఉన్నదో లేదో నాకు తెలియదన్నాను. "అడగాలె. చెల్లె అన్నింట్ల చక్కెర ఎక్కువేస్తది" అన్నాడు.

షాపు మనిషి వచ్చాడు. బానెట్ కింది కొనకు తన బ్యాటరీ తీగలు తగిలించి డిక్కీ తెరిచి, పాతదాన్ని తీసి కొత్తది బిగించాడు. నేను బొత్తాం నొక్కగానే అద్దాలు రెండూ విప్పుకున్నాయి. నాన్న వాటిని చూసి తల ఊపాడు.

మేం ఇంటికి పోలేదు, నేరుగా గాంధీనగర్ పోయాం. ఆ ఇల్లు నాన్న అంతకుముందు చూడలేదు. కారు ఆగీ ఆగకముందే దిగి, సూట్‌కేసు నన్ను ముట్టుకోనివ్వకుండా తనే మోసుకుంటూ రెండో అంతస్తు ఎక్కాడు. నేను కారుకు తాళం వేసి, దీపాలన్నీ ఆరిపోయాయో లేదో చూసుకుని, పైకి పోయేసరికి తలుపు తీసే ఉంది. వంటింట్లోంచి కుక్కర్ కూత వినిపిస్తోంది. అత్త పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని కంచాలు కడుగుతోంది. సారు పప్పు గిన్నె ఎక్కడుందో వెతుకుతున్నాడు. నాన్న అప్పటికే పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"తిని పోతవా అన్నా?" అంది అత్త.

"తిననీకే గదా వచ్చింది" అన్నాడు నాన్న.